గ్లూవాన్లు, వివర్తనం: ప్రోటాన్ లోపలి సంగతులపై తరచుగా అడిగే ప్రశ్నలు

పార్టికల్ ఫిజిక్స్ గురించి తెలుగులో మాట మొదలైతే అది చాలాసార్లు హిగ్స్ బోసాన్ దగ్గరే ఆగిపోతుంది. ప్రోటాన్ లోపల గ్లూవాన్లు ఎలా పరుచుకుని ఉన్నాయి, అంత వేగంతో ఢీకొన్నాక కూడా ఒక్కోసారి ప్రోటాన్ చెక్కుచెదరకుండా ఎలా బయటపడుతుంది అన్న దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. డిగ్రీ విద్యార్థులవి, పీజీలో పార్టికల్ ఫిజిక్స్ తీసుకున్నవారివి, ఊరికే ఆసక్తి కొద్దీ చదివేవారివి అన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు. శక్తికి ఎక్కువగా వాడిన కొలతలు రెండు: జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, టీఈవీ దానికి వెయ్యి రెట్లు.

## మొదటి మెట్టు: ప్రోటాన్ లోపల

గ్లూవాన్ అంటే ఏమిటి? అది ఉందని ఎలా తెలిసింది?

ప్రోటాన్‌లోని మూల కణాలైన క్వార్కుల మధ్య పనిచేసే ప్రబల బలాన్ని మోసే కణం గ్లూవాన్. విద్యుదయస్కాంత బలానికి ఫోటాన్ ఎలాగో దీనికి గ్లూవాన్ అలాగ. రెండింటికీ ద్రవ్యరాశి లేదు, రెండింటి స్పిన్ 1. తేడా ఆవేశంలో ఉంది. ఫోటాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి ఒక ఫోటాన్ మరో ఫోటాన్‌ను నేరుగా పట్టించుకోదు. గ్లూవాన్‌కు మాత్రం తాను మోసే బలానికి సంబంధించిన కలర్ చార్జ్ ఉంటుంది. అందుకే ఒక గ్లూవాన్ రెండుగా చీలగలదు, రెండు గ్లూవాన్లు కలిసి ఒకటి కాగలవు. ఈ రంగంలోని కష్టమూ అందమూ రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి. గ్లూవాన్లు మొత్తం 8 రకాలు.

1979లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, డెజీ ప్రయోగశాల నడిపిన పెట్రా అనే కొలైడర్‌లో (కణాలను ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రంలో) ఇది బయటపడింది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొంటే సాధారణంగా ఎదురెదురు దిశల్లో రెండు కణాల ధారలు వస్తాయి. వీటిని జెట్లు అంటారు. ఒకటి క్వార్కుది, రెండోది యాంటీక్వార్కుది. టాసో, మార్క్-జే, ప్లూటో, జేడ్ ప్రయోగాల్లో కొన్ని ఢీలలో మూడో జెట్ కూడా కనిపించింది. అది క్వార్కు నుంచి విడివడిన గ్లూవాన్ వదిలిన జాడ.

ప్రోటాన్‌లో మూడు క్వార్కులే కదా, మరి గ్లూవాన్లు ఎన్ని ఉంటాయి?

లెక్కపెట్టి ఇన్ని అని చెప్పగలిగే సంఖ్య లేదు. రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు అన్నది ప్రోటాన్ గుర్తింపు మాత్రమే. లోపల గ్లూవాన్లు నిరంతరం పుడుతూ, చీలుతూ, క్వార్కు–యాంటీక్వార్కు జంటలుగా మారుతూ, మళ్లీ కలిసిపోతూ ఉంటాయి. ఎంత సూక్ష్మంగా చూస్తే అన్ని ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ఈ రంగంలో సంఖ్యకు బదులు పంపకం గురించి మాట్లాడతారు: ప్రోటాన్ ద్రవ్యవేగంలో ఎవరి వాటా ఎంత? వేగంగా పోతున్న ప్రోటాన్ ద్రవ్యవేగంలో దాదాపు సగం గ్లూవాన్లదే.

ద్రవ్యరాశి సంగతి మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (వెయ్యి మెగా ఒక జీఈవీ). మూడు క్వార్కుల సొంత ద్రవ్యరాశులు కూడితే సుమారు 9 మాత్రమే, అంటే ఒక శాతం. మిగతాదంతా క్వార్కుల కదలిక, గ్లూవాన్ క్షేత్రాల శక్తి. మన శరీరం బరువులో ఎక్కువ భాగం హిగ్స్ వల్ల వచ్చిందని అనుకునేవారు ఈ అంకె ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

గ్లూవాన్‌కి విద్యుదావేశం లేదు. మరి ఎలక్ట్రాన్‌తో కొడితే అది ఎలా కనబడుతుంది?

నేరుగా కనబడదు. ఎలక్ట్రాన్ విసిరే ఫోటాన్ క్వార్కునే తాకుతుంది. కానీ ఆ క్వార్కుల లెక్క చూపు పదునును బట్టి మారుతూ ఉంటుంది. ముతకగా చూసినప్పుడు గ్లూవాన్‌గా ఉన్నది, సూక్ష్మంగా చూసేసరికి క్వార్కు–యాంటీక్వార్కు జంటగా విడిపోయి కనిపిస్తుంది. ఆ మార్పు వేగం అక్కడ ఉన్న గ్లూవాన్ల సాంద్రతకు అనుపాతంలో ఉంటుంది. అంటే క్వార్కుల లెక్క ఎంత త్వరగా మారుతోందో కొలిస్తే గ్లూవాన్లు ఎన్ని ఉన్నాయో రాబట్టవచ్చు.

ఈ మార్పును లెక్కగట్టే సమీకరణాలను డీజీఎల్‌ఏపీ అంటారు. డాక్షిట్జర్, గ్రిబోవ్, లిపటోవ్, ఆల్టరెల్లి, పరీజీ పేర్ల తొలి అక్షరాలు అవి. 1970లలో రూపుదిద్దుకున్న ఈ సమీకరణాలు ఇవాళ్టికీ ప్రతి కొలైడర్ లెక్కకూ పునాది.

ఎక్స్, క్యూ స్క్వేర్ అని ప్రతి గ్రాఫులో ఉంటాయి. వాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

క్యూ అంటే ఎలక్ట్రాన్ విసిరిన ఫోటాన్ అందించే ద్రవ్యవేగం. దాని వర్గమైన క్యూ స్క్వేర్‌ను భూతద్దం పదును అనుకోండి. క్యూ 1 జీఈవీ అయితే సుమారు 0.2 ఫెర్మీల (ఫెర్మీ అంటే మీటరును పది లక్షల కోట్లతో భాగించి, మళ్లీ వందతో భాగిస్తే వచ్చేంత దూరం) వివరం కనిపిస్తుంది, 10 జీఈవీ అయితే 0.02 ఫెర్మీలు. ప్రోటాన్ విద్యుదావేశ వ్యాసార్థం సుమారు 0.84 ఫెర్మీలు కాబట్టి రెండూ ప్రోటాన్ లోపలి చూపులే.

ఎక్స్ అంటే తాకిన కణం ప్రోటాన్ ద్రవ్యవేగంలో మోస్తున్న వాటా. ఎక్స్ 0.3 అంటే మూడో వంతు మోస్తున్న బరువైన భాగస్వామి. 0.0001 అంటే పది వేలలో ఒక వంతు మోసే చిన్న కణం. పెద్ద ఎక్స్ దగ్గర అసలు క్వార్కుల రాజ్యం, చిన్న ఎక్స్ దగ్గర గ్లూవాన్ల రాజ్యం. ఢీ శక్తి ఎంత పెంచితే అంత చిన్న ఎక్స్ అందుతుంది. పెద్ద యంత్రాలు కట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

## రెండో మెట్టు: కొలతలు

అందరూ హెరా, హెరా అంటారు. అది మూతపడి ఇన్నేళ్లయినా దాని డేటానే ఎందుకు వాడుతున్నారు?

ఎందుకంటే ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ ఎదురెదురుగా ఢీకొట్టించిన కొలైడర్ ఇప్పటివరకు అదొక్కటే. హాంబర్గ్ కింద 6.3 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో 1992 నుంచి 2007 దాకా నడిచింది. 27.5 జీఈవీ ఎలక్ట్రాన్లు లేదా పాజిట్రాన్లు ఒకవైపు, చివరి దశలో 920 జీఈవీ ప్రోటాన్లు మరోవైపు. రెండూ కలిసి ఢీకి అందించే శక్తి (ద్రవ్యవేగ కేంద్రంలో) సుమారు 318 జీఈవీ. హెచ్1, జ్యూస్ అనే రెండు డిటెక్టర్లు ఈ ఢీలను నమోదు చేశాయి.

హెరాకు ముందు చిన్న ఎక్స్ దగ్గర క్వార్కుల లెక్క ఒక స్థాయిలో నిలిచిపోవచ్చని చాలామంది అనుకున్నారు. తొలి డేటాలోనే ఆ ఊహ తారుమారైంది. ఎక్స్ తగ్గేకొద్దీ, ప్రోటాన్‌లోని క్వార్కుల లెక్కను చూపే ఎఫ్2 అనే రాశి నిటారుగా పైకి లేచింది. గ్లూవాన్లు గ్లూవాన్లను పుట్టించే ఆ పరంపర గ్రాఫు కాగితం మీద కనబడింది. 2015లో రెండు ప్రయోగాల డేటాను కలిపి ప్రచురించారు: 2,927 కొలతలను కలిపి 1,307 బిందువులుగా కుదించారు. రెండు వేర్వేరు డిటెక్టర్ల లోపాలు ఒకదాన్నొకటి సరిదిద్దుకోవడంతో వచ్చిన కచ్చితత్వం అది. దాన్ని మించిన పునాది ఇంకా లేదు.

ఎఫ్ఎల్ అనే కొలత కోసం హెరా ప్రోటాన్ శక్తిని కావాలనే తగ్గించిందట, నిజమేనా?

నిజమే. 2007లో చివరి నెలల్లో ప్రోటాన్ శక్తిని 920 నుంచి 460కీ, 575కీ దించి నడిపారు. క్వార్కు స్పిన్ సగం. ద్రవ్యవేగ దిశకు అడ్డంగా కదలిక లేని ఒంటరి క్వార్కు, పొడవు దిశలో ధ్రువణం చెందిన ఫోటాన్‌ను మింగలేదు. ప్రోటాన్ అలాంటి ఫోటాన్లను ఎంత మింగుతుందో చెప్పేదే ఎఫ్ఎల్. కాబట్టి ప్రోటాన్‌లో వట్టి క్వార్కులే ఉంటే ఎఫ్ఎల్ సున్నా కావాలి. అది సున్నా కాకపోవడం అంటే గ్లూవాన్ల హస్తం ఉన్నట్టే.

దాన్ని విడదీయాలంటే అదే ఎక్స్, అదే క్యూ స్క్వేర్ దగ్గర వేర్వేరు ఢీ శక్తుల్లో కొలవాలి. అందుకే యంత్రాన్ని మూసేయబోయే ముందు శక్తిని తగ్గించారు. వచ్చిన ఎఫ్ఎల్ సున్నా కాదు. ఎఫ్2 మార్పు నుంచి రాబట్టిన గ్లూవాన్ లెక్కతో మొత్తం మీద సరిపోయింది. ఒకే విషయాన్ని రెండు స్వతంత్ర దారుల్లో చూసి నిర్ధారించుకోవడం కన్నా గట్టి పని ప్రయోగ భౌతికశాస్త్రంలో లేదని నా అభిప్రాయం.

పీడీఎఫ్ సెట్లు ఇన్ని ఎందుకు? ఏది వాడాలి?

పీడీఎఫ్ అంటే ప్రోటాన్‌లో ఏ కణం ఎంత వాటా మోస్తోందో చెప్పే పట్టిక. సిద్ధాంతం దాన్ని మొదటి నుంచి లెక్కగట్టి ఇవ్వలేదు, డేటాకు సరిపెట్టాలి. ఏ డేటా తీసుకోవాలి, ఏ రూపంతో మొదలుపెట్టాలి, అనిశ్చితిని ఎలా చెప్పాలి అన్న విషయాల్లో ఒక్కో బృందానిది ఒక్కో పద్ధతి. సీటీ18, ఎంఎస్‌హెచ్‌టీ20, ఎన్ఎన్‌పీడీఎఫ్4.0 ఇప్పుడు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఒక్క సెట్‌తో లెక్క ముగించకండి, కనీసం రెండింటితో చేసి తేడా చూడండి. ఆ తేడా కూడా సమాచారమే.

## మూడో మెట్టు: వివర్తనం

కాంతికి చెప్పుకునే వివర్తనానికీ ప్రోటాన్ల ఢీకీ సంబంధం ఏమిటి?

గణితంలో ఉన్న సంబంధమే. గుండ్రటి నల్లటి బిళ్ల మీద కాంతి పడితే దాని వెనక తెర మీద మధ్యలో ప్రకాశవంతమైన మచ్చ, చుట్టూ చీకటి వలయం, మళ్లీ మసక వెలుగు వలయం కనిపిస్తాయి. బిళ్ల పెద్దదైతే వలయాలు దగ్గరకు జరుగుతాయి. రెండు ప్రోటాన్లు ఢీకొని, పగలకుండా కొద్ది కోణంలో పక్కకు తప్పుకున్నప్పుడు ఆ కోణాల పంపకమూ అలాగే ఉంటుంది: ముందు నిటారుగా పడిపోయే వాలు, ఆ తర్వాత ఒక లోయ, దాని వెనక చిన్న మిట్ట.

ఆ లోయ ఎక్కడ ఉందో చూడండి. 1970లలో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, ఐఎస్ఆర్ కొలైడర్‌లో ద్రవ్యవేగ బదిలీ వర్గం సుమారు 1.4 జీఈవీ స్క్వేర్ దగ్గర ఉండేది. అదే సెర్న్‌లోని పెద్ద కొలైడర్ ఎల్‌హెచ్‌సీలో 7 టీఈవీ వద్ద 0.53కి, 13 టీఈవీ వద్ద 0.47కి జరిగింది. లోయ లోపలికి జరిగిందంటే బిళ్ల పెద్దదైందని అర్థం. శక్తి పెరిగేకొద్దీ ప్రోటాన్ మరింత వెడల్పుగా, మరింత నల్లగా, అంటే తాకినదాన్ని మరింతగా మింగేస్తూ కనబడుతోంది. మొత్తం క్రాస్ సెక్షన్ (ఢీ జరిగే అవకాశాన్ని విస్తీర్ణంగా చెప్పే కొలత) కూడా అదే చెబుతుంది: 13 టీఈవీ వద్ద ఎల్‌హెచ్‌సీలోని టోటెమ్ ప్రయోగం కొలిచినది 110.6 మిల్లీబార్న్‌లు (ఆ విస్తీర్ణానికి వాడే యూనిట్), అందులో ప్రోటాన్లు రెండూ పగలకుండా బయటపడ్డ వాటా 31. అంటే నాలుగింట ఒక వంతు కంటే ఎక్కువ.

ర్యాపిడిటీ గ్యాప్ అంటే ఏమిటి? డిటెక్టర్‌లో అది ఎలా కనిపిస్తుంది?

హెరాలో ఒక మామూలు ఢీ చిత్రం తీసుకోండి. ఒక పక్క వంకర తిరిగిన ఒంటరి గీత కెలోరీమీటర్‌లో (కణాల శక్తిని కొలిచే భాగంలో) ఒక శక్తి ముద్దతో ముగుస్తుంది. అది ఎలక్ట్రాన్. దానికి ఎదురుగా గుంపుగా గీతలు, దెబ్బ తిన్న క్వార్కు జెట్. ఆ జెట్ నుంచి ప్రోటాన్ పోయే గొట్టం దాకా మధ్యలో చిన్నాచితకా కణాలు చల్లినట్టు పరుచుకుని ఉంటాయి. క్వార్కుకూ పగిలిన ప్రోటాన్ మిగులుకూ మధ్య సాగిన కలర్ క్షేత్రం తెగుతూ పుట్టించిన కణాలవి.

ఇప్పుడు మరో చిత్రం. ఎలక్ట్రాన్ ఉంది, జెట్ ఉంది, ప్రోటాన్ వైపు మాత్రం ఖాళీ. కెలోరీమీటర్ గళ్లు మౌనంగా ఉన్నాయి. ఆ ఖాళీయే ర్యాపిడిటీ గ్యాప్. ర్యాపిడిటీ అంటే కణం కిరణ దిశకు ఎంత దగ్గరగా పోతోందో చెప్పే కొలత. మామూలు ఢీలో కూడా యాదృచ్ఛికంగా ఖాళీ రావచ్చు కానీ, వెడల్పు పెరిగేకొద్దీ దాని సంభావ్యత ఘాతీయంగా పడిపోవాలి. 1993లో జ్యూస్, 1994లో హెచ్1 చూసినప్పుడు అది పడిపోలేదు, పెద్ద ఖాళీల దగ్గర ఒక పీఠభూమిలా నిలిచింది. లోతైన అస్థితిస్థాపక ఢీల్లో, అంటే ఎలక్ట్రాన్ ప్రోటాన్ లోపలి క్వార్కును గట్టిగా కొట్టే ఢీల్లో, సుమారు పది శాతం ఇలాంటివే. ప్రోటాన్ పగలకుండా మిగిలే ఈ ఢీలను కూడా వివర్తన ఢీలనే అంటారు. అంత గట్టిగా కొట్టినా పదింట ఒకసారి ప్రోటాన్ ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతోందన్న మాట.

అంత శక్తితో కొడితే ప్రోటాన్ పగలకుండా ఎలా ఉంటుంది?

పగిలేది శక్తి ఎక్కువై కాదు, కలర్ మారి. ఒక గ్లూవాన్ ప్రోటాన్ నుంచి బయటకు వెళితే అది కలర్‌ను వెంట తీసుకుపోతుంది. మిగిలినది కలర్ తటస్థంగా ఉండదు, కాబట్టి విడిగా బతకలేదు, కొత్త కణాలుగా పగిలిపోతుంది. అదే రెండు గ్లూవాన్లు కలిసి, ఒకదాని కలర్‌ను మరొకటి రద్దుచేస్తూ వెళితే ప్రోటాన్ తటస్థంగానే మిగులుతుంది. కాస్త ద్రవ్యవేగం పోగొట్టుకుని తన దారిన తాను పోతుంది. కాబట్టి గ్లూవాన్ల భాషలో వివర్తనానికి కనీసం రెండు గ్లూవాన్లు కావాలి.

పోమెరాన్ అనేది ఒక కణమా?

కణం అని చెప్పలేం. ప్రోటాన్ పగలకుండా మారకం జరిగినప్పుడు ఏ గుణాలున్న వస్తువు మధ్యలో వెళ్లినట్టు లెక్క కుదురుతుందో దాని పేరు పోమెరాన్. సోవియట్ శాస్త్రవేత్త ఇసాక్ పోమెరాంచుక్ పేరు మీద వచ్చింది. 1959లో టులియో రెజ్జె ప్రవేశపెట్టిన సిద్ధాంతంలో దీనిది ఒక పథం, అంటే స్పిన్ ద్రవ్యరాశిని బట్టి ఎలా మారుతుందో చూపే గీత. దాని కలర్, విద్యుదావేశం రెండూ సున్నా.

తర్వాత హెరాలో దాని లోపలికీ తొంగిచూడగలిగారు. వివర్తన ఢీల్లో కూడా ఎఫ్2 లాంటి రాశిని కొలిచి, మారకమైన ద్రవ్యవేగంలో గ్లూవాన్ల వాటా 60–70 శాతం దాకా ఉందని తేల్చారు. పోమెరాన్ అంటే ప్రధానంగా గ్లూవాన్ల మూట అన్నది ఇక ఊహ కాదు.

గ్లూవాన్లను కొలవడానికి జే/సై కణాన్నే ఎందుకు అంతగా వాడతారు?

ఫోటాన్ ప్రోటాన్‌ను తాకి, ప్రోటాన్ అలాగే ఉండగా జే/సై ఒక్కటే పుట్టే ఢీ చాలా శుభ్రమైనది. జే/సై అంటే చార్మ్ క్వార్కు, దాని యాంటీక్వార్కు కలిసిన కణం. అది విడిపోగా వచ్చే రెండు మ్యువాన్ల (ఎలక్ట్రాన్ లాంటి బరువైన కణాల) గీతలు తప్ప డిటెక్టర్‌లో ఇంకేమీ ఉండదు. జే/సై ద్రవ్యరాశి 3.1 జీఈవీ. ఆ బరువు వల్లే లెక్కలు కట్టడానికి వీలైన సూక్ష్మ దూరాలకు చేరతాం.

అసలు బలం మరొకటి. రెండు గ్లూవాన్ల మారకం కాబట్టి ఈ ప్రక్రియ సంభావ్యతా విస్తారం (వర్గం చేస్తే సంభావ్యతను ఇచ్చే రాశి) గ్లూవాన్ సాంద్రతకు అనుపాతంలో ఉంటుంది, క్రాస్ సెక్షన్ దాని వర్గానికి. 1993లో రిస్కిన్ దీన్ని చూపించాడు. గ్లూవాన్ సాంద్రత 10 శాతం మారితే క్రాస్ సెక్షన్ సుమారు 20 శాతం మారుతుంది. మామూలు ఢీల్లో మరుగున పడే చిన్న తేడా ఇక్కడ పెద్దదై కనబడుతుంది.

రోమన్ పాట్ అంటే ఏమిటి? పగలని ప్రోటాన్‌ను ఎలా పట్టుకుంటారు?

పగలని ప్రోటాన్ దాదాపు కిరణంతో పాటే పోతుంది, దాని దారి మారేది మైక్రోరేడియన్లలో. ఢీ జరిగిన చోట ఉన్న పెద్ద డిటెక్టర్‌కు అది అందదు. కాబట్టి చాలా దూరం పోనిచ్చి, కాస్త పక్కకు జరిగాక పట్టుకోవాలి. ఎల్‌హెచ్‌సీలో టోటెమ్ ప్రయోగం పాట్‌లు ఢీ స్థానం నుంచి సుమారు 220 మీటర్ల దూరంలో ఉన్నాయి.

పాట్ అంటే కిరణ గొట్టంలోకి జరపగలిగే ఒక లోహపు పాత్ర. కిరణం వైపు దాని గోడ చాలా పల్చగా ఉంటుంది. లోపల సిలికాన్ పలకలు పది, ఐదు ఒక వాలులో, ఐదు దానికి అడ్డంగా. ఒక్కో పలక మీద 512 పట్టీలు, పట్టీకీ పట్టీకీ 66 మైక్రాన్ల ఎడం. మామూలు సిలికాన్ సెన్సర్ల అంచు దగ్గర పనిచేయని జాగా మిల్లీమీటర్ దాకా ఉంటుంది. వీటిలో దాన్ని 50 మైక్రాన్లకు తగ్గించారు, ఎందుకంటే కిరణానికి అతి దగ్గరగా పోయే ప్రోటాన్లే కావాలి. కిరణాలు స్థిరపడేదాకా పాట్‌లు వెనక్కి ఉంటాయి. స్థిరపడ్డాక మెల్లగా, మిల్లీమీటర్ల దూరానికి, కొన్ని ప్రత్యేక రన్‌లలో ఇంకా దగ్గరకు జరుపుతారు. ఈ పద్ధతి మొదట వాడింది 1970లలో ఐఎస్ఆర్‌లో.

హెరాలో కొలిచిన వివర్తన పీడీఎఫ్‌లు టెవట్రాన్‌లో ఎందుకు పనిచేయలేదు?

హెరా లెక్క ప్రకారం వివర్తనలో రెండు జెట్లు ఎన్నిసార్లు రావాలో చూస్తే, అమెరికాలోని టెవట్రాన్ కొలైడర్‌లో సీడీఎఫ్ ప్రయోగానికి వచ్చినవి దాదాపు పదో వంతే. కారణం ఖాళీ పూడిపోవడం. హెరాలో ఒకవైపు ఉన్నది ఫోటాన్. అది తాకిన చోట తప్ప మిగతా ప్రోటాన్‌తో గొడవ తక్కువ. ఇలాంటి ఢీల్లో వివర్తన పీడీఎఫ్‌లు వాడుకోవచ్చని 1998లో కాలిన్స్ గణితపరంగా నిరూపించాడు. టెవట్రాన్‌లో రెండువైపులా కలర్ నిండిన పెద్ద వస్తువులే: ప్రోటాన్, యాంటీప్రోటాన్. అసలు ఢీతో పాటే పక్కనున్న క్వార్కులు, గ్లూవాన్లు కూడా రాసుకుంటాయి. ఆ రాపిడిలో పుట్టిన కణాలు ఖాళీలోకి వచ్చి పడతాయి. ఖాళీ చెదరకుండా మిగిలే సంభావ్యతను గ్యాప్ సర్వైవల్ అంటారు. శక్తి పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది.

ఆడరాన్ నిజంగా దొరికిందా?

2021లో టెవట్రాన్‌లోని డీజీరో, ఎల్‌హెచ్‌సీలోని టోటెమ్ బృందాలు కలిసి దొరికిందని ప్రకటించాయి. ఆడరాన్ అంటే కనీసం మూడు గ్లూవాన్ల మారకం. 1973లో లూకాషుక్, నికొలెస్కు ప్రతిపాదించారు. రెండు గ్లూవాన్ల పోమెరాన్‌కు ప్రోటాన్ అయినా యాంటీప్రోటాన్ అయినా ఒకటే. ఆడరాన్ మాత్రం రెండింటిలో గుర్తు మారుస్తుంది. కాబట్టి ఈ రెండు రకాల ఢీల్లో తేడా కనిపిస్తే అది ఉన్నట్టు.

టెవట్రాన్‌లో 1.96 టీఈవీ వద్ద ప్రోటాన్–యాంటీప్రోటాన్ కోణాల పంపకంలో లోయ లేదు, చదునైన మెట్టు మాత్రమే ఉంది. ఎల్‌హెచ్‌సీ 2.76, 7, 8, 13 టీఈవీ కొలతల నుంచి అదే శక్తికి లాగిన ప్రోటాన్–ప్రోటాన్ గీతలో లోయ స్పష్టంగా ఉంది. ఈ పోలిక ఒక్కటే 3.4 సిగ్మా (తేడా యాదృచ్ఛికం కాదనే నమ్మకానికి కొలత; కనుగొన్నామనడానికి 5 కావాలి). టోటెమ్ ఇతర కొలతలతో కలిపితే 5 సిగ్మా దాటుతుంది. రెండు ఢీలనూ ఒకే శక్తి వద్ద ఒకే యంత్రంలో కొలవలేదన్నది విమర్శకుల అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, అయినా నా దృష్టిలో తూకం కనుగొన్నవారి వైపే ఉంది.

## నాలుగో మెట్టు: తేలవలసినవి

గ్లూవాన్ల సంఖ్య అలా పెరుగుతూనే పోతుందా?

పోకూడదు. అనంతంగా పెరిగితే సంభావ్యత ఒకటిని మించిపోతుంది. గ్లూవాన్లు పలుచగా ఉన్నప్పుడు చీలికదే పైచేయి. కిక్కిరిసిపోయాక పక్కపక్కనున్న రెండు కలిసి ఒకటి కావడం మొదలవుతుంది. చీలికా కలయికా సమానమయ్యే స్థితిని సాచురేషన్ అంటారు. గ్రిబోవ్, లెవిన్, రిస్కిన్ 1983లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1994లో మెక్‌లెర్రన్, రాజు వేణుగోపాలన్ దాన్ని బరువైన కేంద్రకాలకు అన్వయించి, కలర్ గ్లాస్ కండెన్సేట్ అనే సిద్ధాంతానికి దారి వేశారు.

ఇక్కడ వివర్తనం ఎందుకు ముఖ్యమో చెప్పాలి, నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన వాదన ఇదే. చిన్న ఎక్స్ దగ్గర ఫోటాన్ ప్రోటాన్‌ను చేరకముందే క్వార్కు–యాంటీక్వార్కు జంటగా విడిపోతుంది. ఎక్స్ 0.0001 అయితే ఆ విడిపోవడం సుమారు వెయ్యి ఫెర్మీల ముందే జరిగిపోతుంది. తర్వాత ఆ జంట ప్రోటాన్ గుండా దూసుకుపోతుంది. మొత్తం క్రాస్ సెక్షన్ గ్లూవాన్ సాంద్రతను బట్టి పెరిగితే, వివర్తనం దాని వర్గాన్ని బట్టి పెరగాలి. అంటే శక్తి పెరిగేకొద్దీ మొత్తంలో వివర్తన వాటా కూడా పెరుగుతూ పోవాలి. హెరా డేటాలో ఆ వాటా దాదాపు స్థిరంగా ఉంది. 1998–99లో గోలెక్-బీర్నాట్, వుస్తోఫ్ ఇద్దరూ పెద్ద జంటలకు ప్రోటాన్ నల్లబడిపోతుందన్న ఒక్క ఊహతో, కొద్దిపాటి పరామితులతో, మొత్తం క్రాస్ సెక్షన్‌నూ ఈ స్థిరత్వాన్నీ కలిపి వివరించారు.

ఇది సాచురేషన్‌కు రుజువా అంటే ఇంకా కాదనే చెప్పాలి. సాచురేషన్ లేకుండా డీజీఎల్‌ఏపీతోనూ హెరా డేటాలో ఎక్కువ భాగాన్ని సరిపెట్టవచ్చు. తేలిపోయిందని రాసే వార్తలు చదివితే ఏ ఎక్స్, ఏ క్యూ స్క్వేర్, ఏ కేంద్రకం అన్నది చూసి మరీ నమ్మండి.

ఎల్‌హెచ్‌సీలో ఎదురెదురుగా పోయే లెడ్ (సీసం) అయాన్లు ఒకదాన్నొకటి తాకకుండా పోతే అందులో కొలవడానికి ఏముంది?

చాలా ఉంది. లెడ్ కేంద్రకంలో 82 ప్రోటాన్లు. కాంతి వేగానికి దగ్గరగా పోతున్నప్పుడు దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం ఫోటాన్ల గుంపులా పనిచేస్తుంది. ఆ ఫోటాన్ల సంఖ్య ఆవేశ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే ఒక ప్రోటాన్‌తో పోలిస్తే 6,724 రెట్లు. రెండు కేంద్రకాలు దూరంగా జరుగుతూ పోయినా ఒకదాని ఫోటాన్ మరోదాన్ని తాకి జే/సై పుట్టించగలదు. ఎల్‌హెచ్‌సీలో ఆలిస్, సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ దీన్ని కొలిచాయి. వచ్చిన జే/సైలు, లెడ్‌ను విడివిడి ప్రోటాన్లు, న్యూట్రాన్ల కుప్పగా లెక్కగడితే రావలసిన వాటికన్నా బాగా తక్కువ. కేంద్రకంలో ఉన్న గ్లూవాన్లు ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయన్నది తేలింది. ఆ కప్పడం సాచురేషనా, మామూలు షాడోయింగా (ముందున్నవి వెనకవాటికి నీడలా అడ్డుపడటమా) అన్నది ఇంకా నడుస్తున్న చర్చ.

హెరా కంటే తక్కువ శక్తితో కొత్త ఎలక్ట్రాన్–అయాన్ కొలైడర్ ఎందుకు?

అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల దీనికి స్థలమని 2020 జనవరిలో ప్రకటించారు. అక్కడే బరువైన కేంద్రకాలను ఢీకొట్టించిన రిక్ కొలైడర్ నడిచిన 3.8 కిలోమీటర్ల సొరంగంలోనే, జెఫర్సన్ ల్యాబ్ అనే మరో అమెరికా ప్రయోగశాల భాగస్వామ్యంతో కడతారు. శక్తి 20 నుంచి 140 జీఈవీ. హెరా 318 కన్నా తక్కువే. కానీ హెరాలో లేని మూడు ఇక్కడ ఉంటాయి: హెరాకు వంద నుంచి వెయ్యి రెట్ల ఢీలు, స్పిన్ ఒక దిశలో నిలిపిన ప్రోటాన్ కిరణాలు, యురేనియం దాకా బరువైన కేంద్రకాలు.

శక్తి లోటును కేంద్రకమే పూడుస్తుంది. దూసుకుపోయే క్వార్కు జంటకు కేంద్రకం మందం ఎదురవుతుంది. ఆ మందం ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలాన్ని బట్టి పెరుగుతుంది. లెడ్ ద్రవ్యరాశి సంఖ్య 208కి అది దాదాపు 6. ఎక్స్‌ను ఎంతో తగ్గిస్తే తప్ప ఒక్క ప్రోటాన్‌లో దొరకని కిక్కిరిసిన స్థితి కేంద్రకంలో ముందే దొరుకుతుంది. అక్కడ చూడవలసిన తొలి కొలతల్లో ఒకటి వివర్తన వాటా. పూర్తిగా నల్లబడ్డ బిళ్లకు సిద్ధాంతపు గరిష్ఠం సగం. సాచురేషన్ ఉంటే బంగారు కేంద్రకంలో ఆ వాటా ప్రోటాన్‌లో కన్నా పెరగాలి, మామూలు షాడోయింగ్ లెక్కలు తగ్గాలంటాయి. రెండు అంచనాలూ వ్యతిరేక దిశల్లో పోవడమే ఈ పరీక్షకున్న విలువ.

## చదువుకోవాలనుకునేవారికి

ఇదంతా తెలిసి ప్రయోజనం ఏమిటి?

ఎల్‌హెచ్‌సీలో పుట్టే హిగ్స్ బోసాన్లలో సుమారు 87 శాతం రెండు గ్లూవాన్లు కలవడం వల్లే. గ్లూవాన్ పంపకం సరిగా తెలియకపోతే హిగ్స్ లెక్క సరిగా రాదు, కొత్త భౌతికశాస్త్రం ఉందో లేదో చెప్పలేం. వాతావరణం పైభాగంలో విశ్వకిరణాలు పుట్టించే కణాల జల్లు ఎంత లోతుకు దిగుతుందన్నదీ వివర్తనం మీద ఆధారపడుతుంది. మూడోది, నాకు అన్నిటికన్నా పెద్దది: మన చుట్టూ ఉన్న పదార్థం బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం. దానికి వేరే ప్రయోజనం చూపించనక్కర్లేదు.

ఏ గణితం, ఏ భౌతికశాస్త్రం వస్తే ఇందులో అడుగుపెట్టవచ్చు?

క్వాంటమ్ మెకానిక్స్‌లో పరిక్షేపణ అధ్యాయం, ప్రత్యేక సాపేక్షత, ఫోరియర్ రూపాంతరం. ఈ మూడూ గట్టిగా ఉంటే ప్రయోగ పత్రాలు చదవడం మొదలుపెట్టవచ్చు. క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతం తర్వాత కావాలి, మొదటి రోజునే అక్కర్లేదు. ఫోరియర్ మాత్రం వదలకండి. కోణాల పంపకం నుంచి ప్రోటాన్‌లో గ్లూవాన్లు ఏ వ్యాసార్థంలో ఉన్నాయో రాబట్టేది అదే.

కొలైడర్ ఉన్న చోటుకు వెళ్లకుండా ఇంటి దగ్గర ఏమైనా చేయవచ్చా?

చేయవచ్చు. హెరా కలిపిన డేటా హెప్‌డేటా అనే భాండాగారంలో అందరికీ ఉచితంగా ఉంది. పత్రాలు ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో దొరుకుతాయి. పీడీఎఫ్ సెట్లు ఎల్‌హెచ్‌ఏపీడీఎఫ్‌లో, ఢీలను అనుకరించే పైథియా దాని సొంత సైట్‌లో. అన్నీ మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి.

మొదటి అభ్యాసంగా ఇది చేయండి. హెరా పట్టికల్లో క్యూ స్క్వేర్ సుమారు 15 జీఈవీ స్క్వేర్ ఉన్న వరసలు మాత్రం తీసుకోండి. ఎక్స్‌ను లాగరిథమ్ స్కేలు మీద అడ్డంగా, క్రాస్ సెక్షన్‌ను నిలువుగా వేయండి. ఎడమవైపు పోయేకొద్దీ బిందువులు పైకి లేస్తాయి. అదే పని క్యూ స్క్వేర్ 2 దగ్గరా, 100 దగ్గరా చేసి మూడింటినీ ఒకే కాగితం మీద పెట్టండి. ఏ గీత ఎంత నిటారుగా లేచిందో పోల్చండి. ఆ తర్వాత ఎల్‌హెచ్‌ఏపీడీఎఫ్ నుంచి అవే మూడు చోట్ల గ్లూవాన్ గీతలు తీసి పక్కన పెట్టండి. క్యూ స్క్వేర్ 2 దగ్గర కన్నా 100 దగ్గర పెరుగుదల ఎందుకు ఎక్కువో మీ మాటల్లో రాయగలిగితే పీడీఎఫ్ పత్రాల్లోని మొదటి గ్రాఫులు ఇక మీకు కొత్తగా అనిపించవు.